క్యాసెట్‌లో మిగిలిన చప్పుడు

సాయంత్రం పూట తాండూరులో ఆ వీధి వెంట పోయేవాళ్లు శంకరప్ప ఇంటి ముందుకు రాగానే ఒకసారి ఆగి కిటికీ వైపు చూసేవారు. లోపలి నుంచి ఒక వింత చప్పుడు వచ్చేది. రేకు మీద మేకుతో గీసినట్టు, మధ్యమధ్య ఎవరో గొంతు పిసికినట్టు కీచుమని మొత్తుకునేది. కొంతసేపు అట్లా మొత్తుకుని ఉన్నట్టుండి ఆగిపోయేది.

పక్కింటి ఉమ్రావ్ బేగం గోడ మీంచి తల పెట్టి నవ్వేది.

"ఏం నాగవ్వా, మీ ఇంట్ల పిల్లుల పెండ్లి అయితున్నదా? మాకు దావత్ లేదా?"

శంకరప్ప భార్య నాగవ్వ మాత్రం నవ్వేది కాదు. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. "గీ చప్పుడు చెవుల పడీ పడీ బిడ్డకు ఫిట్స్ వస్తే ఎట్లక్కా? టీవీకి దగ్గర కూసుంటే కండ్లు పోతయంటరు. గా వైర్లల్ల ఏదన్న అంటుకుంటే? ఆయన ఏడనో సముద్రం అవుతల ఉన్నడు. ఇక్కడేమన్న అయితే నేనెవరికి చెప్పుకోవాలె?"

చదివే తల్లులారా, నాగవ్వను చూసి నవ్వకండి. మన పిల్లల విషయంలో మనకు మొదట తోచేది చెడే కదా. పిల్ల దగ్గితే క్షయ అనుకుంటాం. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాం. ఆ భయాన్నే ప్రేమ అనుకుంటాం. నాగవ్వ కూడా అట్లాగే అనుకుంది.

ఇది పంతొమ్మిది వందల ఎనభై ఏడు నాటి మాట. శంకరప్ప మస్కట్‌లో ఒక సేఠ్ ఇంట్లో కారు నడిపేవాడు. ఆ సేఠ్ పిల్లలు ఆడుకుని, విసుగొచ్చి మూలన పడేసిన చిన్న కంప్యూటర్ ఒకటి ఉండేది. చూడడానికి టైపు మిషన్ మీటలను ఒక పలకకు బిగించినట్టు ఉంటుంది. దాన్ని టీవీకి తగిలిస్తే బొమ్మలు కనబడతాయి. "పారేసేదుంటే నాకియ్యుండ్రి, నా బిడ్డకు లెక్కలంటే పానం" అని అడిగి, శంకరప్ప దాన్ని దుప్పట్లో చుట్టుకుని సెలవుకు వచ్చినప్పుడు తెచ్చాడు. దాంతోపాటు సగం అరబ్బీలో, సగం ఇంగ్లీషులో ఉన్న పుస్తకం ఒకటి, ఒక కొత్త క్యాసెట్ కూడా తెచ్చాడు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు జగదేవి. వికారాబాద్‌లో ఇంటర్ చదువుతోంది. పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం వచ్చేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆ పుస్తకంలో ఇంగ్లీషు సగాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. అర్థం కానిది కాలేజీలో లెక్కలు చెప్పే సుధాకర్ సార్‌ను అడిగింది. ఆయన హైదరాబాద్‌లో శిక్షణకు పోయినప్పుడు కంప్యూటర్ ముందు కొన్నాళ్లు కూర్చున్న మనిషి. ఆయనకు తెలిసింది చెప్పాడు, తెలియనిదాన్ని ఇద్దరూ కలిసి వెతికారు.

చివరికి జగదేవి ఒక ఆట తయారు చేయడం మొదలుపెట్టింది. ఆడడం కాదు, తయారు చేయడం. ఈ తేడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వీధికీ తెలియలేదు. "శంకరప్ప బిడ్డ దినమంత టీవీల ఆటలాడుతది" అనే మాటే ఊళ్లో మిగిలింది.

ఆ మిషన్‌కు ఒక గుణం ఉంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. కరెంటు పోతే రాసిందంతా పోతుంది. అందుకే టేప్ రికార్డర్ తగిలించి, రాసినదాన్ని చప్పుడుగా మార్చి క్యాసెట్‌లో దాచాలి. మర్నాడు ఆ చప్పుడు వినిపిస్తే మిషన్ మొదటి నుంచి విని, అంతా గుర్తు తెచ్చుకుంటుంది. వైరు తగిలించి ఉంటే అది మిషన్‌కే వినిపిస్తుంది; సరిగా పడిందో లేదో చూడడానికి జగదేవి వైరు పీకి వినేది. వీధిలో వాళ్లు విన్న పిల్లుల పెండ్లి అదే. మనకది రొద. ఆ మిషన్‌కు మాత్రం అది మాట.

ఒకరోజు జగదేవి వంటింటి గుమ్మంలో నిలబడి తల్లిని పిలిచింది. ఆ రోజు ఆమె ముఖంలో వెలుగు ఉంది.

"అవ్వా, జర ఒక్కసారి వచ్చి చూడు. నీకు మస్తు నచ్చుతది."

"నాకేం తెలుస్తది బిడ్డా? పొయ్యి మీద పప్పున్నది."

"గంతే అవ్వా, రెండు నిమిషాలు."

"నువ్వు గది బంద్ చేసి లేస్తేనే నాకు నచ్చుతది. నీ కండ్ల కింద చూస్కున్నవా? మసి పూసినట్టున్నది. మీ నాయిన వచ్చి ఏం చేసినవ్ బిడ్డను అంటే నేనేం చెప్పాలె?"

జగదేవి వెనక్కి పోయింది. ఆ తరువాత మళ్లీ పిలవలేదు.

చలికాలం అయ్యేసరికి ఆట పూర్తయింది. సుధాకర్ సార్ కాలేజీలో టీవీకి తగిలించి ఆడి చూశాడు. అంత పెద్ద మనిషి కుర్చీ అంచుకు వచ్చి మీటలు నొక్కుతూ కేకలు వేశాడు. హైదరాబాద్‌లో బడులకు కంప్యూటర్లు అమ్మే ఒకాయన సార్‌కు తెలుసు. పిల్లలకు ఆటల ద్వారా లెక్కలు నేర్పాలని ఉన్నా, అట్లాంటివి రాయగలవాళ్లు దొరకడం లేదని ఆయన బాధ. సార్ ఆయనతో మాట్లాడాడు. "వచ్చే శుక్రవారం వికారాబాద్ వస్తరట. నీ ఆట చూస్తరు. నచ్చితే ఇంటర్ అయిపోంగనే వాళ్ల దగ్గర పని, పని చేసుకుంటనే పై చదువు. భయపడకు, ఆట చూస్తే నిన్ను ఇడువరు" అని జగదేవికి చెప్పాడు.

జగదేవి ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. హైదరాబాద్ అంటే తల్లికి ఎన్ని భయాలు పుడతాయో ఆమెకు తెలుసు. పని ఖాయమైనాక తండ్రి చేత చెప్పించాలనుకుంది. అన్నాళ్లూ ఆటను ఒక పాత పాటల క్యాసెట్‌లో దాచుతూ వచ్చింది. కానీ చివరిసారి దాచినప్పుడు ఆ టేపు సాగిపోయి ఉండడంతో మిషన్ దాన్ని వినలేదు. ఆట ఇంకా మిషన్ జ్ఞాపకంలో ఉండగానే తండ్రి తెచ్చిన కొత్త క్యాసెట్‌లో దాచింది. ఎవరూ దాని మీద వేరేది నింపకుండా, క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేసింది. అది విరిస్తే రికార్డు బటన్ కిందికి పోదు. పైన పచ్చ కాగితం అంటించి టీవీ కింద పెట్టింది. ఇక భయం లేదనుకుంది.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. మస్కట్, దుబాయిలకు మనుషులు పోయిన ఇళ్లలో ఆ రోజుల్లో ఉత్తరాలు తక్కువ. క్యాసెట్‌లో మాట్లాడి, పోయేవాళ్ల చేత పంపేవారు. అవతలివాళ్లు విని, దాని మీదే తమ మాటలు నింపి తిప్పి పంపేవారు. నాగవ్వ నాలుగో తరగతి దాకా చదివింది, రాయగలదు. కానీ "కాయితం మీద గొంతు రాదు" అనేది. మస్కట్ నుంచి వచ్చే పాటల క్యాసెట్లకు వెనక పలకలు విరిచి ఉంటే, ఆ సందులో కాగితం మడిచి కుక్కితే రికార్డు అవుతుందని ఆ ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. నాగవ్వకు ఇంకా బాగా తెలుసు.

గురువారం పొద్దున, జగదేవి కాలేజీకి పోయాక, ఉమ్రావ్ బేగం కొడుకు ముక్తార్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను కూడా మస్కట్‌లోనే పని చేస్తాడు. సెలవు అయిపోయి బొంబాయి బండికి బయలుదేరాడు.

"చాచీ, టేపు సిద్ధమేనా? రిక్షా వచ్చింది."

"అయ్యో నాయినా, నిన్న మాట్లాడినదంత గీ రికార్డర్ నమిలేసింది! చూడు, పేగుల్లెక్క బయటికొచ్చింది. జర ఆగు."

"జల్దీ చాచీ. బండి నా కోసం ఆగదు. చాచా టేపు ఏదని అడిగితే నీ మీద చెప్త చూడు!"

నాగవ్వ ఇల్లంతా వెతికింది. టీవీ కింద పచ్చ కాగితం క్యాసెట్ దొరికింది. ఆమె దాన్ని ఊరికే తీసుకోలేదు. పెట్టి వింది. గీ... అని అదే చప్పుడు. 'కరాబైంది. బిడ్డ ఆటలల్ల దీన్నీ చెడగొట్టింది' అనుకుని మధ్యలోనే ఆపేసింది. మొదటికి తిప్పింది. వెనక పలక లేదు. చేతికి అలవాటైన పని కనుక ఆలోచించలేదు. పాత కాగితం ముక్క మడిచి ఆ సందులో కుక్కి రికార్డు నొక్కింది.

"ఏమయ్యా, మంచిగున్నవా? తింటున్నవా? ఎండల తిరుగకు. కారు మెల్లగ నడుపు, నాకు కలలు మంచివి వస్తలేవు. ఇక్కడ మేం మంచిగనే ఉన్నం. మంచిగున్నమంటే... ఏం మంచి. నీ బిడ్డ గా డబ్బా ముందరకెల్లి లేస్తలేదు. అది మొత్తుకుంటనే ఉంటది, ఇది చూస్కుంటనే ఉంటది. పిలిస్తే పలుకదు. నాకు శానా భయమైతున్నది. రేపు ఏదన్న అయితే నన్ననొద్దు. నువ్వొక్క మాట చెప్పు, గా డబ్బను ఎవరికన్న ఇచ్చేస్త. నీ మాటయితే ఇంటది..."

బయట రిక్షావాడు గంట కొట్టాడు. ఆమె మాట తొందరగా ముగించింది. "పైలం, జాగ్రత్త" అని చెప్పి బటన్ నొక్కి, క్యాసెట్ తీసి ముక్తార్ చేతిలో పెట్టింది.

సాయంత్రం జగదేవి వచ్చీ రాగానే టీవీ కింద చెయ్యి పెట్టింది. తరువాత వంగి చూసింది.

"అవ్వా, ఇక్కడ పచ్చ కాయితం క్యాసెట్ ఉండె. ఏది?"

"గదా? గది కరాబైంది బిడ్డా. పెట్టి ఇన్న గద, ఒకటే మొత్తుకుంటున్నది. మీ నాయినకు మాట్లాడి పంపిన. ముక్తార్ తీస్కపోయిండు."

జగదేవి టేప్ రికార్డర్ మూత తెరిచి చూసింది.

"ఎనక పలక ఇరిచిన కదా అవ్వా. రికార్డు కాదు కదా."

"కాయితం కుక్కిన." పని తెలిసిన మనిషి గొంతుతోనే చెప్పింది నాగవ్వ. చెప్పాక కూతురి ముఖం చూసింది. "ఏమైంది? అట్ల చూస్తవేంది? ఏమైంది బిడ్డా?"

"ఎంతసేపు మాట్లాడినవ్?"

"ఎంతసేపు... ఎక్కువ లేదు. వాడు తొందర పెట్టిండు. ఇంక మస్తు మిగిలింది దాంట్ల. మిగిలింది మంచిగనే ఉంటది కదా?"

"మిషన్ మొదటికెల్లే ఇంటదవ్వా. మొదలు పోతే ఇంకేం లేదు."

జగదేవి గట్టిగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాగవ్వకు కొంత నయంగా ఉండేది. పిల్ల కాళ్లు కడుక్కుని మిషన్ ముందు కూర్చుంది. ఆటంతా తల్లోనే ఉంది కదా, మళ్లీ రాయొచ్చనుకుంది. నెలల తరబడి దిద్దుతూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ వచ్చిన పని. ఏ మాట ఎందుకు పెట్టిందో చేతికే గుర్తు, మనసుకు గుర్తు లేదు. అయినా కొంతదూరం రాసింది. దీపాలు పెట్టే వేళకు రోజూ పోయినట్టే కరెంటు పోయింది. టీవీ నల్లబడింది. జగదేవి లేచి మిషన్ మీద తువ్వాలు కప్పింది.

"లాంతరు తెస్త బిడ్డా..." అంది నాగవ్వ.

"లాంతరుతోని నడువదవ్వా" అంది జగదేవి.

శుక్రవారం వికారాబాద్‌లో హైదరాబాద్ పెద్దమనిషి కాలేజీ గదిలో టీవీ ముందు కూర్చున్నాడు. సుధాకర్ సార్ ఆయనకు చాయ్ ఇప్పించి, ఉత్సాహంగా జగదేవిని ముందుకు పిలిచాడు. ఆమె దగ్గర మిషన్ ఉంది. ఆట లేదు.

"ఆటేదమ్మా?"

"పోయింది సార్."

"ఎట్లా పోయింది?"

సుధాకర్ సార్ కంగారుగా ఆమె వైపు చూశాడు. గది నిండా పిల్లలున్నారు. మా అవ్వ చెరిపేసింది అని జగదేవి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె నేల మీది బండను చూస్తూ నిలబడింది.

"నాదే పొరపాటు సార్. సరిగ దాచలే."

ఆయన చెడ్డవాడు కాదు. కానీ దూరం నుంచి వచ్చాడు. "దాచుకోవడమే మా పనిలో మొదటి పాఠమమ్మా. అది రాకపోతే మిగిలిందెంత వచ్చినా కష్టం" అన్నాడు. సుధాకర్ సార్ తాను ఆ ఆట ఆడానని, చాలా బాగుందని ఎంతో చెప్పాడు. ఆయన తలూపాడు. గడియారం చూసుకుని లేచాడు. మళ్లీ రాలేదు.

ఆ ఆదివారం సుధాకర్ సార్ తాండూరు వచ్చాడు. ముందురోజు జగదేవి కాలేజీకి రాలేదు. నాగవ్వ కొంగు కప్పుకుని కుర్చీ వేసింది. మాష్టరు ఇంటికి వచ్చాడంటే పిల్లకు ఏదో అయ్యే ఉంటుందని ఆమె భయం.

"క్యాసెట్ ఎట్ల పోయిందమ్మా?" అని ఆయన అడిగాడు.

నాగవ్వ దాచలేదు. అంతా చెప్పింది. "నాకేమెరుక సార్, గా మొత్తుకునుడు ఆటని? ఆటంటే ఆడుకునేదే కద. పోతే ఇంకొకటి ఆడుకుంటది అనుకున్న."

సుధాకర్ సార్ తువ్వాలు కప్పిన మిషన్ వైపు చూశాడు.

"ఆ ఆట ఏందో మీకు తెలుసా అమ్మా?"

"తెల్వదు సార్."

"కందిచేను. చేను నడుమ మంచె. మంచె మీద ఒక ఆడామె నిలబడి ఉంటది. ఒకదిక్కు చిలుకలొస్తయి, ఒకదిక్కు అడవిపందులొస్తయి. ఆమె వడిసెల తిప్పి అన్నిటినీ తరుముతది. ఎన్నొచ్చినా భయపడదు, మంచె దిగదు. పైన ఆమె పేరు రాసుంటది." ఆయన తలెత్తి ఆమెను చూశాడు. "నాగవ్వ అని."

నాగవ్వ తలుపు చెక్క పట్టుకుంది. బషీరాబాద్ దగ్గరి తల్లిగారి ఊళ్లో, పెండ్లికి ముందు, ఆమె కందిచేనుకు కావలి కాసేది. జగదేవికి అన్నం తినిపిస్తూ చిన్నప్పుడు ఆ కథలు చెప్పింది. అడవిపందిని రాయితో కొట్టి తరిమిన కథ అయితే పిల్ల మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేది. భయమంటే తెలియని ఆ పిల్లను నాగవ్వ ఎప్పుడో మరచిపోయింది. ఆమె కూతురు మరచిపోలేదు.

రెండు నిమిషాలు వచ్చి చూడమని పిలిచింది అందుకే.

సార్ పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మళ్లీ రాయమని చెప్పండమ్మా" అన్నాడు. నాగవ్వ చెప్పింది. బతిమాలింది. తువ్వాలు తీసి, మిషన్ తుడిచి, తానే టీవీ దగ్గర పెట్టింది. జగదేవికి కోపం లేదు. "చేతులు పోతలేవవ్వా" అంది. వేసవిలో పరీక్షలు రాసి, టైపు నేర్చుకోవడానికి చేరింది. అక్కడ ఎవరో రాసిందాన్ని చూసి కొడితే చాలు.

ఎండలు ముదిరినప్పుడు మస్కట్ నుంచి వచ్చిన ఒకతను శంకరప్ప టేపు తెచ్చిచ్చాడు. పచ్చ కాగితం అంటించిన అదే క్యాసెట్. నాగవ్వ దాన్ని కొంగుతో తుడిచింది. తల్లీ కూతురూ టేప్ రికార్డర్ ముందు కూర్చున్నారు. రెండో వైపు నుంచి శంకరప్ప గొంతు వచ్చింది.

"నాగీ, నేను మంచిగున్న. ఫికర్ చెయ్యకు. నీ మాటలిన్న. నీకు గంత భయముంటే డబ్బ ఇచ్చేయి, నేనేమన. కాని ఒక మాట. నీ మాటలు అయినంక టేపుల ఏదో చప్పుడు అచ్చింది. గీ... అని. మా రూముల అందరు బంద్ చెయ్యమని లొల్లి పెట్టిండ్రు. నేను చెయ్యలే. గది నా జగ్గి చేసిన చప్పుడే అయి ఉంటదనుకున్న. నాకైతే ఏం సమజ్ కాలే. కాని మొత్తం ఇన్న. మల్ల మల్ల ఇన్న. దాని మీద నా మాటలు నింపబుద్ధి కాలే, గందుకే ఇటు మలిపి మాట్లాడుతున్న. బిడ్డా జగ్గీ, గదేందో నేనొచ్చినంక నాకు చెప్పాలె, ఆఁ?"

జగదేవి ఆ రోజు దాకా ఏడవలేదు. ఇప్పుడు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాగవ్వ ఆమెను ముట్టుకోవడానికి కూడా భయపడింది.

కొంతసేపటికి నాగవ్వ మెల్లగా, "మీ నాయిన చెరపలే కదా. ఒక్కసారి మిషన్‌కు పెట్టి చూడు బిడ్డా" అంది. రాదని జగదేవికి తెలుసు. అయినా తల్లి కోసం తువ్వాలు తీసింది, వైర్లు తగిలించింది, క్యాసెట్‌ను మొదటి వైపుకు మలిపింది. మిషన్ వింటూ కూర్చుంది. మొదట దానికి నాగవ్వ మాటలు వినబడి ఉంటాయి. ఎండల తిరుగకు, కారు మెల్లగ నడుపు, నాకు భయమైతున్నది. ఆ మాటల్లో దానికి అర్థమయ్యేది ఏమీ లేదు. టీవీ మీద చిన్న చుక్క ఒకటి ఆరుతూ వెలుగుతూ ఎదురుచూసింది. చేను రాలేదు, మంచె రాలేదు.

జగదేవి వైరు పీకింది. అప్పుడు ఆ చప్పుడు గది నిండా బయటికి వచ్చింది. గోడవతల ఉమ్రావ్ బేగం ఏమీ అనలేదు. ఆపడానికి జగదేవి చెయ్యి చాపితే, నాగవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బిడ్డా. నేను ఇంట."

టేపు అయిపోయేదాకా ఆ తల్లి కదలకుండా వింది. తన పేరు పెట్టుకున్న మనిషి ఆ రొదలో ఎక్కడో మంచె మీద నిలబడి ఉంది. ఆమెను చూసే దారి లేదు.

తల్లులారా, మన పిల్లలు రేపు ఏం చేస్తారో మనకు అర్థమవుతుందన్న నమ్మకం నాకు లేదు. మనం ఎరగని పనులు, మనం ఎరగని పేర్లు వస్తూనే ఉంటాయి. అర్థం కానిదల్లా చెడ్డదే అనుకుని మనం వణుకుతూనే ఉంటాం. వణకడం మన చేతుల్లో లేదు. కానీ వేల మైళ్ల అవతల ఒక తండ్రి, ఏమీ అర్థం కాకపోయినా, బిడ్డదని చెప్పి ఆ చప్పుడంతా విన్నాడు. అదే ఇంట్లో ఉన్న తల్లి మధ్యలో ఆపేసింది. పిల్లలు చేసేది మనకు తెలియకపోతే తప్పు కాదు. "ఇదేంది బిడ్డా" అని ఒక్క మాట అడగకుండా దాని మీద మన భయాన్ని నింపడమే తప్పు.